దింపుకోని లగేజీ

ఇరవై ఏళ్లుగా టైలరింగ్ షాపులో ఆవిడ పని కాజాలు కుట్టడం. అందుకే అందరికీ కాజాలక్క. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "కాజాలు కుట్టేదానికి గుండీ దొరకడం ఎంతసేపు? నాకే తీరిక లేదు" అని నవ్వేసేది. ఉండేది అన్నయ్యతోనే. ఆయన రైలు గార్డు.

తొమ్మిదేళ్ల కిందట ఆయన ఒక తెల్లకుక్కని వెంటబెట్టుకొచ్చాడు. ఎవరో దాన్ని గార్డు పెట్టెలోని కుక్కల అరలో ఎక్కించారు. చివరి స్టేషన్లో రసీదు పట్టుకుని ఎవరూ రాలేదు. "ఎవరూ దింపుకోని లగేజీ అమ్మాయ్, మనమే దింపుకుందాం" అన్నాడు. దానికి లగేజీ అన్న పేరే ఖాయమైపోయింది.

అన్నయ్య పోయి మూడు నెలలైంది. ఆయన ఇంటికొచ్చే వేళకి, సాయంత్రం ఐదున్నరకి, లగేజీ ఇప్పటికీ గుమ్మం దగ్గరికి వెళ్తుంది. ఎదురుచూసి ఊరుకుంటే బాగుండేది. తోక ఊపుతుంది. గుమ్మం నుంచి కుర్చీ దాకా ఎవరి వెనకో నడిచొచ్చి, కుర్చీ కాళ్ల దగ్గర పడుకుంటుంది. కాజాలక్కకి ఏమీ కనపడదు. మొదట్లో ఒళ్లు జలదరించేది. పోనుపోను భయం కన్నా ఉక్రోషం ఎక్కువైంది. తోడబుట్టింది నేనైతే కనపడేది దీనికా?

ఇక లాభం లేదని, దాన్ని చెల్లెలింట్లో వదిలేసి వద్దామని పొద్దున్న బండెక్కింది. ఆ బండికి గార్డు, అన్నయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. కుదురుగా పడుకుంటుందని కుక్కల అరలో అన్నయ్య నల్లకోటు పరిచింది. పక్క పెట్టెలో కూర్చుని, బండి ఆగినప్పుడల్లా దిగొచ్చి చూసింది. లగేజీ కోటు తొక్కకుండా గోడకి ఒదిగి నిలబడే ఉంది.

"నీళ్లయినా తాగిందా తమ్ముడూ?"

"లేదక్కా. కోటు మీద ఎవరికో చోటిచ్చినట్టు నిలబడింది." గార్డు గొంతు తగ్గించాడు. "నవ్వకు. నేనూ సీట్లో కూర్చోలేదు."

"నీకేమొచ్చింది?"

"పెద్దాయన ముందు ఎప్పుడు కూర్చున్నాను గనక?"

చివరి స్టేషన్లో చెల్లెలి మొగుడు ఎదురొచ్చాడు. "రసీదు ఇటివ్వు వదినా, నేను దింపుకుంటా. నువ్వెళ్లి బెంచీ మీద కూర్చో, చూస్తే మళ్లీ ఏడుస్తావు."

రసీదు తీసి ఇవ్వబోతూ అరలోకి చూసింది. లగేజీ ఊచల మధ్య మూతి పెట్టి, ప్లాట్‌ఫారం మీద పోయే ఒక్కొక్కరి మొహమే వెతుకుతోంది. తొమ్మిదేళ్ల కిందటా ఇలాగే వెతికిందని అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడో.

అతను చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఆవిడ రసీదు గుప్పిట్లో ముడిచేసింది.

"నేనే దింపుకుంటాను."

"వెనక్కి తీసుకుపోయేదానికి ఇంతదూరం ఎందుకొచ్చినట్టు వదినా?"

"బుద్ధి లేక."

అర తలుపు తీసి కోటు అందుకుంది. తెల్లవెంట్రుక ఒక్కటి లేదు. మధ్యలో మాత్రం మనిషి కూర్చున్నంత మేర నలిగి, చేతికి వెచ్చగా తగిలింది. ఈసారి ఒళ్లు జలదరించలేదు. కాసేపు అలాగే చెయ్యి ఆనించి ఉంచింది.

"తిరుగు బండి ఐదున్నరకల్లా మా ఊరు చేరుస్తుందా తమ్ముడూ?"

"ఆరు దాటుతుందక్కా."

"పర్వాలేదులే" అంది, లగేజీ గొలుసు విప్పుతూ. "ఆయనా ఈ బండికే కదా రావాలి."