బస్సెక్కిన అత్తగారు

ఆ స్కూలుకు ఐదు బస్సులుంటే తోలేవాళ్లు ఇద్దరే మిగిలారు. లారీల మీద జీతం ఎక్కువని తక్కినవాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. హెడ్మాస్టరు డ్రైవర్ల కోసం కాళ్లరిగేలా తిరిగితే చివరికి పాలవ్యాను నడిపే ఆవిడ దొరికింది. భర్త పోయాక అతని వ్యానే నడుపుకుంటూ ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి.

"వస్తాను గానండీ, మా అత్తయ్యను ఒంటరిగా వదల్లేను. బాగా మతిమరుపు. పొయ్యి వెలిగించి మర్చిపోతుంది. బస్సులో నాతోపాటే కూర్చోబెట్టుకుంటా."

"కూర్చోబెట్టుకో తల్లీ! నువ్వొస్తే అంతే చాలు" అన్నాడాయన.

వ్యాను అమ్మేసి ఆమె బస్సెక్కింది. అత్తగారు ముందు సీట్లో కూర్చుని, ఎక్కిన ప్రతి పిల్లనీ పిల్లవాడినీ "తిన్నావా?" అని అడిగేది. తిన్నామన్నా మళ్లీ అడిగేది. "నువ్వడిగినన్నిసార్లు తింటే పొట్ట పగిలిపోద్ది బామ్మా!" అని పిల్లలు గొల్లున నవ్వేవారు. ఆవిడా నవ్వేది. ఇంట్లో కోడలినే పోల్చుకోలేని రోజుల్లో కూడా బస్సులో ఆ ముఖం వెలిగిపోయేది.

మరుసటి ఏడు స్కూలు జీతాలు పెంచింది. డ్రైవర్లు తిరిగొచ్చారు. హెడ్మాస్టరు ఆమెను పిలిచి, తల దించుకుని చెప్పాడు.

"ఏమనుకోకమ్మా. బయటివాళ్లను ఎక్కించకూడదని కమిటీవాళ్లు పట్టుబట్టారు."

"ఆవిడ బయటిదాండీ? పిల్లల్నడగండి."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదేనని ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది.

అప్పటినుంచి అత్తను పక్కింటావిడకు అప్పగించి వెళ్లేది. ముసలావిడ పొద్దున్నే తల దువ్వించుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది.

"ఇవాళ సెలవు అత్తయ్యా."

"మరి నువ్వెక్కడికే?"

ఆమె వినపడనట్టే బస్సు తాళాలు తీసుకుని బయల్దేరేది.

ఒక వానరోజున పక్కింటావిడ మేడ మీది బట్టలు తీసేలోగా ముసలావిడ వీధిలోకి వెళ్లిపోయింది. కోడలు డ్యూటీ దిగి, వీధులన్నీ వెతికితే, పిల్లలు బస్సెక్కే మలుపులో తడిసి ముద్దై కనిపించింది. జ్వరం ఊపిరితిత్తులకు పాకింది. వారం తిరక్కుండానే పోయింది.

హెడ్మాస్టరు పలకరించడానికి వచ్చి కూర్చున్నాడు. ఆమే మాట్లాడింది.

"కొడుకు పోయిన సంగతి ఆవిడకు గుర్తుండేది కాదండీ. ఏడీ అని రోజూ అడిగేది. ఊరెళ్లాడు, వస్తాడని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ నేనూ సగం నమ్మేశాను. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు."

ఆయన కళ్లు తుడుచుకుంటూ లేచాడు. ఆమె గుమ్మందాకా సాగనంపి, తలుపు దగ్గరగా వేసుకుంది.