చెంచురామయ్య మేత లెక్క

ఇందుకూరుపేట చెంచురామయ్యకు రొయ్యల గుంటలే లోకం. మేత నాలుగు పూటలా పంచి చల్లుతాడు. ఆనక మేత మిగిలిందో లేదో తెలియడానికి గుంటలో ముంచి ఉంచే చెక్ ట్రే పైకెత్తి చూస్తాడు. అందులో గింజ మిగిలిందా, పనివాళ్ల చెవుల తుప్పు వదిలిపోవలసిందే.

అలాంటివాడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో పడ్డాడు. నర్సు రోజారమణి రోజుకు ఒక్కటే అంటూ జెంటామైసిన్ సూది తేగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏందమ్మా, రోజు మొత్తం మందూ ఒక్కసారే పొడిచేస్తావా? నాలుగు పూటలకీ పంచియ్యి!"

రోజారమణిదీ గుంటల ఊరే. "మేతంతా ఒక్కసారే కుమ్మరిస్తే రొయ్యలేం చేస్తాయన్నా?" అంది.

"కడుపు నిండిందాకా తింటాయి. మిగిలింది నేలపాలు."

"నీ కిడ్నీలో కణాలూ అంతే. ఈ మందును మింగి లోపల దాచుకుంటాయి, దాంతోనే చెడిపోతాయి. కొంచెం కొంచెంగా ఇచ్చినామనుకో, వచ్చిందంతా మింగేస్తాయి. ఒక్కసారే ఇస్తే పట్టినంత మింగి ఆగిపోతాయి. మిగతాది ఒంటేలులో పోద్ది, కిడ్నీ బతుకుద్ది."

చెంచురామయ్య నోరు తెరిచాడు. తిననివ్వకుండా మేపడమనే విద్య ఒకటుందని ఆయనకిప్పుడే తెలిసింది. పక్కకు తిరిగి సూది వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున పరీక్షకని మూత్రం పట్టమన్నారు. ఆ సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి, అచ్చం చెక్ ట్రే చూసినట్టే చూశాడు. వార్డంతా ఉలిక్కిపడేలా కేకేశాడు.

"రోజారమణమ్మా! మేత బోలెడు మిగిలింది!"

మేత మిగిలినందుకు ఆయన నవ్వడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.