నా గుర్రాలు ఎటు ఉరికాయి?

నిన్న మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. యుద్ధానికి దిగిన నా అశ్వదళం ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క దెబ్బ తినకుండా డైనింగ్ టేబుల్ అంచు దాటి వెళ్లిపోయింది. తప్పు గుర్రాలది కాదు. నా ఎడిటింగ్‌ది!

నాకూ మా బామ్మర్ది రవికీ ఒక పిచ్చి ఉంది. వేలెడంత ప్లాస్టిక్ సైనికులకు రంగులేసి, టేబుల్ మీద అట్టముక్కల కోటలు పెట్టి యుద్ధం చేస్తాం. కదిలిన దూరం టేపుతో కొలుస్తాం. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. ఒక్కో దళానికి ఒక్కో కార్డు. కదలిక ఎంత, బలం ఎంత, ప్రత్యేక నియమం ఏమిటి, అన్నీ దాని మీదే ఉంటాయి.

రవి ఆదివారాలు గద్వాల నుంచి వనపర్తికి బస్సెక్కి వస్తాడు, గెలుస్తాడు, వెళ్తాడు. నిన్న పొద్దున మా ఆవిడ సువర్ణ అడ్డం తిరిగింది.

“ఎన్ని దినాలు ఒళ్లె పళ్లెం పెట్టుకొని తినాలె? ఇయ్యాల నువ్వు ఓడితే టేబుల్ నాది. బొమ్మలు దీని మీద కనబడొద్దు.”

“సరే” అన్నాను. ఆ ధైర్యానికి కారణం ఉంది. ఇంగ్లిష్ కార్డులతో ప్రతిసారీ అర్థాల మీద తగవే. అందుకని ఈసారి నేనే తెలుగులో రాసి ప్రింట్ తీయించాను. ఆట మొదలుకాకముందే గట్టిగా చెప్పాను: “కార్డు మీద ఏముంటే అదే ఫైనల్. నోటిమాట చెల్లదు.”

“నీ ఇష్టం బావా” అన్నాడు రవి అమాయకంగా.

నమ్మండి, గెలుస్తున్నాను! అతని కాల్బలం చెదిరిపోయింది. మిగిలింది ఒకే ఒక ఫిరంగి. దాని ఎదురుగా నా గుర్రాలు. టేపు తీశాను.

“జర ఆగు బావా. ఆ కార్డు సదువు.”

చదివాను. “శత్రువు కనిపిస్తే ఉరుకుడే.”

“ఇంకేంది? ఉరికించు మరి. అటు కాదు, ఎనక్కి.”

“ఉరుకుడంటే మీదికి ఉరుకుడురా!”

“మీదికి అని యాడుంది?”

లేదు. నేను మొదట రాసింది ‘శత్రువు కనిపిస్తే అతని మీదికి ఉరుకుడే’. ప్రింట్‌కు ముందు చూస్తే చివరి మాట కింది లైన్లోకి జారింది. న్యూస్ డెస్క్‌లో ఏళ్ల తరబడి వార్తలు కోసిన చెయ్యి ఊరుకుంటుందా? రెండు మాటలు తీసేసింది. లైను ఎంత అందంగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా!

తీర్పుకు సువర్ణను పిలిచాం. పప్పు గరిటెతోనే వచ్చి కార్డు చదివింది.

“కుక్కను చూసి పిలగాడు ఉరికిండంటే ఏందయ్యా? కుక్క మీదికి పోయిండనా?”

“అక్కా, నువ్వు దేవతవు!” అన్నాడు రవి.

“సవరణ వేస్తా! ‘మీదికి’ అని చేర్చి చదువుకోండి!” అని అరిచాను.

“సవరణ రేపటి పేపర్ల వస్తది బావా. యుద్ధం ఇయ్యాల్నే అయిపోయె.”

గుర్రాలు పోయాయి. వాటి వెనక ఆట, ఆట వెనక టేబుల్. సువర్ణ దాన్ని తడిగుడ్డతో తుడిచి, దాని మీదే మాకు అన్నం పెట్టింది.

పగ తీర్చుకుందామని భోజనాలయ్యాక హాల్లో చాప పరిచాం. ఆట మధ్యలో లేవబోతే మోకాళ్లు రానన్నాయి. రవి నా పక్కన టేపు పెట్టి కొలిచాడు. ఖాళీ కార్డు ఒకటి తీసి నాకూ రాశాడు: ‘బావ. కదలిక: సున్నా. ప్రత్యేక నియమం: గోడ దొరికితే లేస్తడు.’

రెండుసార్లు చదివాను. కోయడానికి ఒక్క మాట కూడా దొరకలేదు.