నలుపు పడక ముందు నాన్న బొమ్మ

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు కానీ, ఆ రోజుల్లో నేను నిదానంగా చూడగలిగిన మొహాలన్నీ నిద్రపోతున్నవాళ్లవే. మెలకువగా ఉన్న మనిషి వైపు కాసేపు చూస్తే చాలు, నా చెవులు వేడెక్కేవి. అందుకే పటమటలో లితోగ్రాఫులు వేసే మేడం దగ్గర చేరాక, ఎవరిదైనా మొహం గీయమంటే, భోజనం చేసి సోఫాలో కునుకు తీసే నాన్ననే ఎంచుకున్నాను. (తెరిచిన కళ్లు మాత్రం నా ఊహే.) దసరాకల్లా ఒక్క బొమ్మ పూర్తిచేసి చూపించమనీ, బాగుంటే అక్కడే నేర్చుకోవచ్చనీ, లేకపోతే బ్యాంకు కోచింగులో చేరాలనీ నాన్న గడువు పెట్టారు. గవర్నర్‌పేటలో పైపులు అమ్మే మనిషి అంతవరకూ ఒప్పుకోవడమే నాకు ఆశ్చర్యం.

లితోగ్రాఫు ఒక్కసారిగా తయారవదు. నున్నటి రాయి మీద జిడ్డు పెన్సిలుతో గీసి, రాయిని తడిపి, రోలరుతో రంగు పూస్తే గీత ఉన్నచోటే అంటుకుంటుంది. దాని మీద కాగితం పెట్టి ఒత్తాలి. ఇంకో రంగుకి మళ్లీ గీయాలి, అదే కాగితం మీద మళ్లీ ఒత్తాలి. పసుపు పడిన రోజు బొమ్మలో నాన్న కామెర్లొచ్చినట్టున్నారు. ఎరుపు పడ్డాక ఎవరితోనో గొడవపడి వచ్చినట్టున్నారు. నీలంతో ఒంటి రంగు కుదిరింది. జుట్టూ మీసమూ చివర వేసే నలుపులో వస్తాయి కాబట్టి, అప్పటికి మూతి నున్నగా, జుట్టు ఉండాల్సిన చోట ఖాళీ కాగితంగా ఉంది.

సరిగ్గా అప్పుడే నాన్న చెప్పకుండా వచ్చారు. తీగ మీద ఆరుతున్న కాగితాల్లో తన మొహమే, గుండుతో, మీసం లేకుండా, వరసగా వేలాడుతోంది. మా ఇళ్లలో మగవాళ్లు ఆ రెండూ కలిపి తీయించుకునేది తల్లో తండ్రో పోయినప్పుడే.

"ఇంట్లో మా అమ్మ నిక్షేపంలా ఉందమ్మా" అన్నారు మెల్లగా.

ఇంకా నలుపు వేయలేదని చెప్పబోయి, తల దించుకుని రోలరు తుడవసాగాను. నా బదులు చెప్పడానికి మేడం కూడా లేరు, అప్పటికే బయటికెళ్లారు. గడువు సంగతి వదిలేసి, సోమవారం నుంచి కోచింగుకి వెళ్లమని చెప్పి నాన్న వెళ్లిపోయారు.

నోటితో చెప్పలేనిది చూపించైనా చెబుదామని ఒక కాగితం ఇంటికి తెచ్చాను. నాన్న వచ్చేలోగా నాయనమ్మ దాన్ని విప్పేసింది. గుమ్మంలోంచి అది చూసిన నాన్న చెప్పులు విడవకుండా అక్కడే నిలబడిపోయారు. నాయనమ్మ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా జరిపి, చాలాసేపు చూసింది.

"నన్నెప్పుడు గీశావే? జుట్టు మరీ ఇంత నెరిసిపోయిందా?"

నాన్న ఆవిడ వైపు చూశారు, బొమ్మ వైపు చూశారు, మళ్లీ ఆవిడ వైపు చూశారు. ఆ ముక్కు, ఆ పైపెదవి, ఆ గడ్డం. తన మంచం పక్కన అంటించమని ఆవిడ అడిగితే ఆయనే టేపు వెతికి అంటించారు. అప్పుడు నాకు మాటొచ్చింది. నలుపు ఇంకా ఉందని ఆయన వీపుకి చెప్పాను. ఆయన ఊఁ అన్నారంతే.

ఇప్పుడు నాకంటే చిన్నవాళ్లకి ఈ పని నేర్పుతున్నాను. సగం రంగుల బొమ్మ చూసి ఎవరైనా దిగులుపడితే, వీపుకి తప్ప జవాబు చెప్పలేని ఆ అమ్మాయి గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ సోమవారం పొద్దున నాన్న స్కూటరు కోచింగ్ సెంటరు దగ్గర ఆగకుండా ముందుకెళ్లింది. మేడం ఇంటి ముందు నన్ను దింపి, బండి తిప్పుకుంటూ అన్నారు:

"మిగతా వాటికి మీసం పెట్టెయ్యమ్మా. కాస్త ఒత్తుగానే పెట్టు."