షామొనీలో ఇంకొక్క దినం

ఆ రోజుల్లో అంటే కట్టెలపొయ్యి కాలం అనుకునేరు. అంత వెనక్కేం కాదు, అప్పటికే అందరి చేతుల్లో వీడియో కాల్ ఫోన్లు వచ్చేసినాయి. అయినా నేను ఆ రోజుల్లో అనే అంటాను, ఎందుకంటే ప్రపంచం మొత్తాన్ని నా పెళ్లిలోపే చూసేస్తానని నాకప్పుడు గట్టి నమ్మకం. నంద్యాల బస్టాండు దగ్గర మా మేనమామ ట్రావెల్స్ ఆఫీసులో పని నాది. కాశీకి, శిరిడీకి, రామేశ్వరానికి బస్సులు వేయడం మా అసలు వ్యాపారం. బోర్డు మీద మామ ఒక విమానం బొమ్మ కూడా వేయించినాడు గానీ, దాన్ని చూసి లోపలికి వచ్చేవాళ్లు తక్కువ (వచ్చినా కువైట్‌కే). ఇక నా మటుకు నేను చూసిన దూరదేశం హైదరాబాదు.

అట్లాంటి ఆఫీసుకు ఒక ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి జాగ్రఫీ టీచరమ్మ వచ్చింది. రుద్రవరం బళ్లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లైంది, పిల్లల్లేరు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా అట్లాసు. ఆమె గడప తొక్కగానే మా మామ దిగ్గున లేచి నిలబడినాడు. ఎనిమిదో తరగతిలో ఆమె దగ్గర చదివినాడట. బస్సు డ్రైవర్లను గడగడలాడించే మనిషి, ఆమె కూర్చోమనేదాకా కుర్చీ ముట్టుకోలేదు.

"చలికాలంలో ఫ్రాన్సు టూరు పోతాండా నాయనా," అంది ఆమె నాతో. "హైదరాబాదోళ్లు పారిస్, లియోన్ చూపిచ్చి వెనక్కి తెస్తారంట. నాకు ఆడ ఇంకా కొన్ని దినాలు కావల్ల, ఆల్ప్స్ కొండల్లో. అది నువ్వు చూడు."

"ఒక్కరే ఆడుండి ఏం చేస్తారు టీచర్?" అన్నాడు మామ, చేతులు కట్టుకునే.

"మంచు పడేది ఇనల్ల." మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు అడిగేటోళ్లు. వాన పడితే సప్పుడైతాది గదా టీచర్, మంచు పడితే ఎట్లుంటాది సప్పుడు, అని. ప్రతి ఏడూ ఏదో ఒకటి చెప్పి పేజీ తిప్పినా. టూరోళ్లతో పోతే బస్సులో పాటలే ఇనపడతాయి. దానికే ఈ ఎక్కువ దినాలు."

ఆ పూట మొదలైంది నా యాత్ర. ఆమె నంద్యాలకు వచ్చినప్పుడల్లా ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని ఆ దినాలను అల్లేవాళ్లం. నేను చామోనిక్స్ అని చదివిన ఊరును ఆమె షామొనీ అని దిద్దింది. కొండవైపు కిటికీ ఉన్న గది వెతికినాను. ఏ స్టేషన్లో బండి మారాలో, ఏ సందులో రొట్టెల అంగడి ఉందో చూసిపెట్టినాను. ఆళ్లగడ్డ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి గానీ, లియోన్ నుంచి కొండల్లోకి రైళ్లు మాత్రం కంఠతా వచ్చేసినాయి. ఒకసారి మ్యాపు మీద వేలు పెట్టి, "పొద్దున్నే ఈడ కొండ రైలు ఎక్కుతాం టీచర్," అన్నాను.

"ఎక్కుతామా?" అందామె కళ్లద్దాల మీదుగా.

నా చెవులు వేడెక్కినాయి. "ఎక్కుతారు."

"పర్వాల్యా లే, ఎక్కుదాం," అని ఆమె మళ్లీ మ్యాపు వైపు తిరిగింది. ఆ ఒక్క మాటకు నేను వారం రోజులు నేల మీద లేను.

చలికి అలవాటు పడాలని ఐసు ఫ్యాక్టరీకి పోవడం కూడా ఆమె ఆలోచనే. ఓనరు మామకు స్నేహితుడు. మే నెల ఎండలో స్వెటర్ మీద స్వెటర్, వాటి మీద పోయిన భర్త కోటు, తలకు మంకీ క్యాప్ తగిలించుకుని ఆమె ఐసు గడ్డల మధ్య స్టూలు వేసుకుని హాయిగా కూర్చుంది. నేను పలచటి చొక్కాతో పక్కన నిలబడినాను. "చలి పుడతాందా?" అంటే, "ల్యా... ల్యా... ల్యా," అన్నాను (ఒక్కసారే అందామనుకున్నాను, పళ్లు ఊరుకోలేదు). బయటికొచ్చినాక ఆటో అతను ఆమెను కిందికీ మీదికీ చూసి, "జరమా అమ్మా?" అని జాలిగా అడిగి ఆస్పత్రి వైపు తిప్పినాడు.

చలికాలం వచ్చింది, ఆమె ఫ్రాన్సుకు పోయింది. టూరు వాళ్లు తిరుగు విమానం ఎక్కినారు, ఈమె కొండల్లోకి రైలెక్కింది. మరుసటి రోజు ఫోను.

"ఏం నాయనా, యాడ నీ మంచు? కిందంతా పరిచి పెట్టినారు గానీ పైనుంచి ఒక్క పలుకు రాల్యా. ఎండ కాస్తాంది ఈడ!"

అది నా తప్పే అన్నట్టు నేను కుమిలిపోయినాను. పొద్దస్తమానం ఆ ఊరి వాతావరణమే చూస్తూ కూర్చున్నాను. వెలుగోడు నుంచి కాశీ బస్సు కోసం వచ్చిన పెద్దాయన, "దావలో వాన పడతాదా అప్పా?" అంటే, "మంచు పడే సూచన ల్యా పెద్దాయనా," అన్నాను. ఆయన మామ వైపు తిరిగి, "ఈ పిల్లోనికి ఏమైంది?" అన్నాడు.

అదనపు దినాలు ఒక్కొక్కటే కరిగిపోయినాయి. చివరిరోజు ఆమె ఫోను చేసినప్పుడు గొంతులో టీచరు లేదు. "పోనీలే నాయనా. వచ్చేస్తా. ఇంతవరకూ వచ్చినా గదా, అదే శానా," అంది. నేను ఫోను పట్టుకునే మామ మొహం చూసినాను. టికెట్ మార్చడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చే పని. "ఏందిరా చూస్తాండావ్?" అని గసిరినాడు. "మార్చు. ఇంకొక్క దినం పెట్టు. ఆయమ్మను పేజీ తిప్పమని నేను చెప్పల్లనా?"

ఆ మర్నాడు మధ్యాహ్నం, అక్కడ ఆమెకు పొద్దున, ఫోను మోగింది. తెరంతా తెలుపు. "మాట్లాడద్దండి, ఇనండి," అందామె. ఫోను కిటికీ బయట పెట్టినట్టుంది. మామ ఫ్యాన్ ఆపినాడు. బస్సుల హారన్లు లోపలికి రాకుండా షట్టర్ దించేసినాడు. చీకట్లో ఇద్దరం ఊపిరి బిగబట్టి ఫోనుకు చెరొక చెవి ఆనించినాం. చాలాసేపటికి మామ, ఎనిమిదో తరగతి పిల్లవాడిలా భయపడుతూ, "టీచర్, నాకేమీ ఇనపడల్యా," అన్నాడు.

"అదేరా," అందామె. "అంత పడతాంది, ఏమీ ఇనపడదు. అదీ జవాబు."

ఇప్పుడు మామ ఇంటిపట్టునే ఉంటున్నాడు, ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. విమానం బొమ్మకు రంగు వేయించినాను. నేను మాత్రం ఇంకా ఏ విమానమూ ఎక్కలేదు. మొదట బస్సుల సీజన్, తర్వాత పెళ్లి, ఆ తర్వాత పిల్లల బడి. మొన్న ఆత్మకూరు నుంచి ఒక కొత్త జంట వచ్చి ఫ్రాన్సు అన్నారు, చలికాలమన్నారు. నా గొంతు నాకు తెలియకుండానే లేచింది. ఏ బండి దిగి ఏది ఎక్కాలో, ఏ వైపు కిటికీ అడగాలో, రొట్టెల అంగడి ఏ సందులో ఉందో గుక్క తిప్పుకోకుండా చెప్పి, "ఇంకో రెండు దినాలు పెట్టుకోండి మా, సరిపోవు," అన్నాను.

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, "మీరు ఆడికి పోయినారా అన్నా?" అంది.

"వయసులో ఉన్నప్పుడు శానా తూర్లు పోయినా మా," అన్నాను. "ఇప్పుడే, తీరిక చిక్కల్యా."