ఎడమ చెంప

చిటపట అన్న పేరు ఆమెకి అన్నయ్యే పెట్టాడు. బడి మానేసి స్టూడియోలో కూర్చున్న మొదటి ఏడాదే పెట్టాడు. కస్టమర్లు ఉన్నంతసేపూ నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. వాళ్ళు మెట్లు దిగగానే అందుకుంటుంది. ఆ లైటు అక్కడెందుకు పెట్టావు, ఆ ముసలాయన కళ్ళద్దాల్లో రెండు గొడుగు లైట్లు కనబడుతున్నాయి చూశావా, ఆ పిల్ల మెడ అలా ఎందుకు వంచావు అని. అన్నయ్య కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా, "పేలుతోంది, అందరూ పక్కకి జరగండి" అని ఖాళీ గదికి చెప్పేవాడు.

ఫొటోలు ఎక్కువగా ఆమే తీసేది. తీసినవాటిని సరిచేయడం అన్నయ్య పని. గొడవంతా ఆ సరిచేయడంలోనే ఉంది.

అన్నయ్య కంప్యూటర్లో ఒక మీట తయారుచేసి పెట్టుకున్నాడు. దానికి తళతళ అని పేరు కూడా పెట్టుకున్నాడు. అది నొక్కితే ఎంతటి మొహమైనా తెల్లబడుతుంది. ముడతలు, మచ్చలు, ముక్కు పక్కన గీతలు అన్నీ మాయమవుతాయి. మిగిలేది ఒలిచిన గుడ్డు, దానికి రెండు కళ్ళు. ఒక్కో ఫొటోకి విడిగా నొక్కే ఓపిక కూడా లేక, కెమెరా కార్డులో ఉన్నవన్నీ ఒకేసారి అందులో పోసేవాడు. పైగా అసలు ఫొటో మీదే కొత్తది సేవ్ చేసి, కార్డు తుడిచేసేవాడు.

"అసలుది విడిగా ఉంచరా అన్నయ్యా" అని చిటపట ఎన్నిసార్లు మొత్తుకుందో.

"రెండేసి కాపీలుంచితే డిస్కు నిండిపోతుంది. మచ్చలున్న ఫొటో మళ్ళీ కావాలని ఎవడొస్తాడే?"

అలా ఎవరూ రాలేదు, నిజమే. పెద్దమ్మ వచ్చేదాకా.

పెద్దమ్మ వాళ్ళమ్మకి అక్క. అమ్మా నాన్నా పని వెతుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరిగినన్నాళ్ళూ వీళ్ళిద్దరినీ తన ఒంటిగదిలో పెట్టుకుని పెంచింది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో పని. అక్కడా అందరికీ ఆవిడ పెద్దమ్మే. తడి దుప్పటిని వేడి రోలర్ల మధ్యకి తిన్నగా అందించాలి. ఓ రోజు ఆ రోలరు పక్కనున్న ఆవిరి గొట్టం అతుకు దగ్గర పేలింది. పెద్దమ్మ ఎడమ చెంప చెవి దగ్గర్నుంచి పెదవి చివరిదాకా కాలిపోయింది. మానాక చెంప మీద మెలిపెట్టి పిండిన గుడ్డలాగా చర్మం ముడతలు పడి బిగుసుకుపోయింది.

అప్పట్నుంచీ ఫొటోల్లో ఆవిడ ఎప్పుడూ చివర నిలబడేది, కుడి చెంప ఇటు పెట్టి. ఒక్క గుర్తింపు కార్డుకి మాత్రం ఎదురుగా చూడక తప్పలేదు. దాన్ని అన్నయ్య తళతళలో ముంచి ఇచ్చాడు. "కార్డులో ఉన్నది మీ చెల్లెలా అమ్మా? ఆవిడ రాలేదా?" అని గేటు దగ్గర వాచ్‌మన్ వేళాకోళం చేసేవాడు. పెద్దమ్మ నవ్వేది. చిటపటకి మాత్రం ఒళ్ళు మండేది.

పెద్దమ్మ పని విరమించే రోజులు వచ్చాయి. లాండ్రీలో ఒక అలవాటుంది. దిగిపోయేవాళ్ళ ఫొటో ఫ్రేము కట్టించి, లోపలికి అడుగుపెట్టగానే కనబడే గోడకి తగిలిస్తారు. పైన పెద్ద అక్షరాలతో 'మన కుటుంబం' అని ఉంటుంది. ఆ ఫొటోలన్నీ వీళ్ళ స్టూడియోవే. అందరూ ఒకే తల్లి కడుపున పుట్టిన గుడ్లలా ఉంటారు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. కూర్చుని, మొహం కుడికి తిప్పి ఎడమ చెంప కెమెరాకి ఇచ్చింది.

"ఇటు తియ్యి."

"అటు కదా ఎప్పుడూ?"

"ఇటే. ఇన్నాళ్ళూ దాచుకున్నది నాకోసం, వాళ్ళకోసం కాదు. ఆ గొట్టం కారుతోందని ముందుగా చెప్పింది నేనే. ఎవరూ చెవిన పెట్టలేదు. పేలాక నా అజాగ్రత్త అన్నారు. ఆ మేనేజరు రోజూ ఆ గోడ ముందు నుంచే కదా లోపలికి పోయేది? పోయేటప్పుడు చూడనీ. నేను ఇంటికెళ్ళిపోయినా ఇది అక్కడే ఉండాలి."

చిటపట ముందు గొడుగు లైట్లు రెండూ ఆర్పేసింది. ఎదురుగా కొట్టే వెలుగు గుంటల్నీ గట్లనీ ఒకటి చేసేస్తుంది. కిటికీ తెర తీసి, స్టూలు దాని పక్కకి జరిపింది. చెంప మీదుగా వెలుగు ఏటవాలుగా పడేలా పెద్దమ్మని కొంచెం తిప్పింది. రెండోవైపు మరీ చీకటి కాకుండా ఒక తెల్ల థర్మకోల్ అట్ట నిలబెట్టింది. దగ్గరికి పోతే ముక్కు ఉబ్బుతుందని గది చివరిదాకా వెనక్కి వెళ్ళి, జూమ్ లాగి, దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పెట్టింది.

తీశాక కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూపించింది. పెద్దమ్మ చాలాసేపు చూసింది. చెంప మీద చెయ్యి పెట్టుకుని, తెరలో ఉన్న చెంపని చూసింది.

"ఊఁ. నేనే ఇది" అంది.

ఆ వారం చివర్లో చిటపట స్టూడియోకి వచ్చేసరికి ఫ్రేము కట్టి గోడకి ఆనించి ఉంది. అందులో ఎవరో ఒకావిడ ఉంది. ఎడమ చెంప ఇటు తిప్పి కూర్చుంది. పెద్దమ్మ చీర, పెద్దమ్మ కళ్ళు. చెంప మాత్రం చంటిపిల్లది.

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చేశావురా ఇది?"

"మేనేజర్ సార్ ఫోన్ చేశాడే. కొంచెం క్లీన్‌గా ఉండేట్టు చూడమన్నాడు. ఆయనకి ఆల్రెడీ పంపేశాను కూడా. ఓకే అన్నాడు."

"ఆయన ఓకే అనేదేంటి? మొహం ఆయనదా?"

"అరవకు. పెద్దమ్మ అందంగా కనబడితే నీకేంటి బాధ?"

"అసలుది తియ్యి. నేనే ప్రింటు వేస్తా."

అన్నయ్య మౌస్ అటూ ఇటూ జరిపాడు. ఏమీ తెరవలేదు. చిటపటకి అర్థమైంది. పాతదాని మీదే కొత్తది. కార్డు తుడిచేశాడు. పెద్దమ్మ ఎడమ చెంప లోకంలో ఇప్పుడు పెద్దమ్మ మొహం మీద తప్ప ఎక్కడా లేదు.

"నువ్వు ఆవిడ అన్నం తిని పెరిగావురా" అంది. ఫ్రేములోంచి ఫొటో పీకి నాలుగు ముక్కలు చేసి అతని కీబోర్డు మీద పోసింది.

కెమెరా సంచీ భుజాన వేసుకుని తిన్నగా లాండ్రీకి వెళ్ళింది. కొత్తవాళ్ళకి గుర్తింపు కార్డు ఫొటోలు తీయడానికి వస్తుంటుంది కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. భోజనాల విరామం. పెద్దమ్మ రోలరు పక్కన బల్ల మీద గిన్నె మూత పెడుతోంది. జరిగింది చెబితే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"వాణ్ణి తర్వాత చూద్దాం. ముందు నీ పని కానీ. గంట కొడితే మళ్ళీ నిలబడాలి నేను."

చిటపట కెమెరా తీసింది. అందులోంచి చూస్తే లోకమంతా తెల్ల మసక. ఏసీ గదిలో చల్లబడ్డ లెన్సు ఈ ఆవిరిలోకి రాగానే చెమర్చింది. తుడిచింది. మళ్ళీ పట్టింది. పళ్ళు నూరుతూ ఇంకా గట్టిగా తుడిచింది.

"దాని మీద పడతావేంటే? అదేం చేసింది?"

"వేడెక్కేదాకా ఆగాలి."

"మరి ఆగు. నువ్వు వేడెక్కినంత తొందరగా అదెక్కడ ఎక్కుతుంది?"

పక్క మిషను ఆవిడ పకపకా నవ్వింది. చిటపటకి నవ్వు రాలేదు. కోపంతో ఉన్న మనిషికి ఊరికే నిలబడడం కంటే కష్టమైన పని లేదు. నిలబడింది.

అద్దం తేరుకున్నాక మొదటిది తీసింది. వణుకు. చేతిలో కోపమంతా ఫొటోలోకి పాకి, కళ్ళు రెండు జతలయ్యాయి. రెండోది తీస్తే మొహం నల్లగా వచ్చింది. చుట్టూ ఆరేసిన తెల్ల దుప్పట్లని చూసి, వెలుగు ఎక్కువైందనుకుని కెమెరా తనంతట తానే తగ్గించేసింది. కెమెరాలో వెలుగు తనే పెంచింది. పెద్దమ్మని కిటికీ వైపు తిప్పింది. ఈసారి థర్మకోల్ అవసరం లేకపోయింది, ఆ దుప్పట్లే చాలు. మోచేతులు పక్కలకి ఆనించుకుని, ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు నొక్కింది.

గంట కొట్టారు. పెద్దమ్మ లేచి రోలరు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈసారి చిటపట కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు. ముందు కాపీ తీసి విడిగా దాచి, అన్నయ్యని కుర్చీలోంచి లేపి తనే కూర్చుంది. ట్యూబులైట్ల పచ్చదనం తీసేసింది. అంచులు కత్తిరించింది. తర్వాత తెర మీద వెలుగునీడల తేడా పెంచే గీతని మౌస్‌తో పట్టుకుని కుడివైపుకి లాగింది. చెంప మీద ముడతలు లోతయ్యాయి. ఇంకా లాగింది. నల్లని చారలు లేచాయి. ఇంకా. చూసినవాళ్ళు జడుసుకునేలా తయారైంది. చూడనీ, చచ్చినట్టు చూడనీ అనుకుంది.

వెనక నిలబడ్డ అన్నయ్య, "పెద్దమ్మ అలా ఉండదు" అన్నాడు, నెమ్మదిగా.

"నువ్వు మాట్లాడకు!"

కానీ చెయ్యి ఆగింది. వాడన్నది నిజమే. అందుకే ఇంకా మండింది. మేనేజరుకి కావలసినట్టు వాడు చెరిపాడు, తన కోపానికి కావలసినట్టు తను చెక్కుతోంది. రెండింటిలోనూ పెద్దమ్మ లేదు. గీతని మళ్ళీ వెనక్కి జరిపింది, మొదట ఉన్నచోటికి.

వీడ్కోలు సభ లాండ్రీ భోజనాల గదిలో జరిగింది. మేనేజరు రెండు ముక్కలు మాట్లాడి, కాగితం చింపి ఫ్రేము పైకెత్తబోయి సగంలో ఆగాడు. పెద్దమ్మ కళ్ళు, ఆ చెంప, తిన్నగా అతన్నే చూస్తున్నాయి. అతను ఫ్రేముని తన ఛాతీ వైపు తిప్పుకున్నాడు.

"బాగుంది, బాగుంది. గోడకి మేకు లేదమ్మా. రేపు కొట్టించి పెడతాం."

"మేకు నేను తెచ్చాను సార్" అంది పెద్దమ్మ, సంచీలో చెయ్యి పెడుతూ.

వెనక బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. "గోడ పాడవుతుందమ్మా, పనివాడు కొట్టాలి" అని ఫ్రేము తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత కార్డు ఫొటోలకని వెళ్ళినప్పుడు చిటపట ఆ గోడ చూసింది. 'మన కుటుంబం' కింద కొత్త ఫ్రేము తగిలించి ఉంది. అందులో చంటిపిల్ల చెంప. అన్నయ్య పంపినదాన్ని వేరే చోట ప్రింటు వేయించుకున్నారు.

నోరు తెరిచి అరవాలనుకుంది. నలుగురి ముందు ఆమెకి గొంతు ఏనాడూ లేవలేదు, ఆరోజూ లేవలేదు. ఎవరి కార్డు ఫొటో తీయకుండానే గిరుక్కున తిరిగి వచ్చేసింది.

స్టూడియో ముందు వీధి వైపు ఒక అద్దాల అలమర ఉంది. వచ్చేపోయేవాళ్ళు చూడడానికి నమూనా ఫొటోలు పెట్టేది అందులోనే. మధ్యలో ఏళ్ళ తరబడి అన్నయ్య ముచ్చటపడ్డ గుడ్డు మొహం పిల్ల ఒకతి ఉంది. చిటపట ఆ పిల్లని తీసి లోపల మూలకి తిప్పి పెట్టింది. పెద్దమ్మ ఫొటోని తలుపంత పెద్దది వేయించి అక్కడ నిలబెట్టింది. లాండ్రీ వాళ్ళని తెచ్చే బస్సు ఆగేది సరిగ్గా ఎదురుగా. మేనేజరు కారు తిరిగేదీ ఆ మూలే.

మర్నాడు ఉదయం బస్సు దిగినవాళ్ళు అద్దం ముందు గుమిగూడారు. "మన పెద్దమ్మ!" అని ఎవరో అరిచారు. ఒకామె తన ముంజేతి మీది కాలిన మచ్చని అద్దానికి ఆనించి, ఆ చెంప పక్కన పెట్టి చూసుకుంది.

సాయంత్రం మేనేజరు ఫోను వచ్చింది. అవతలి గొంతు ఫోనులోంచి గదంతా వినబడుతోంది. అది తీసెయ్యాలి, లేకపోతే కార్డుల పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె చేతిలో లెన్సు మూత ఉంది, విసరడానికి సిద్ధంగా.

"నేను షాపులో లేను సార్" అన్నాడు అన్నయ్య. "ఇప్పుడప్పుడే రాను కూడా." ఫోను పెట్టేశాడు.

తర్వాత స్టూలు వేసుకుని అలమర పైన బల్బుని కొంచెం పక్కకి తిప్పాడు.

"ఏం చేస్తున్నావు?" అంది చిటపట. గొంతులో మంట ఏమీ తగ్గలేదు.

"అద్దం మీద మెరుపు కొడుతోంది. చెంప కనబడట్లేదు."

ఆమె బయటికి వెళ్ళి రోడ్డు అవతల, బస్సు ఆగే చోట నిలబడి చూసింది.

"ఇంకా కొంచెం ఎడమకి!" అని అరిచింది. వీధిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు.