నేను తప్పుగా దిద్దించిన ఒకటో తరగతి

కరోనా తగ్గి బడులు తెరిచిన రెండో ఏడాది అది. కామారెడ్డిలో డీఎడ్ రెండో సంవత్సరం చదువుతూ, ఎల్లారెడ్డిలోని ఒక ప్రాథమిక పాఠశాలకు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాను. డీఎడ్ అంటే చిన్న తరగతులకు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ. ఇంటర్న్‌షిప్ అంటే కాలేజీ వదిలి కొన్ని నెలలు అసలైన బడిలో, అసలైన పిల్లల ముందు నిలబడటం. అప్పుడు నా వయసు ముప్పై ఎనిమిది. నాతో వచ్చినవాళ్లంతా నన్ను అక్కా అనేవారు. వాళ్లలో ఒకమ్మాయి తల్లి నాకంటే రెండేళ్లు చిన్నది.

టీచర్ శిక్షణ అంటే పుస్తకాలు చదివి పరీక్ష రాయడమే అనుకుంటారు చాలామంది. అసలు కష్టం ఇంటర్న్‌షిప్‌లో మొదలవుతుంది. రేపు చెప్పబోయే ప్రతి పాఠానికీ ఇవాళే లెసన్ ప్లాన్ రాయాలి. ఎప్పుడు ఏం అడుగుతాం, పిల్లలు ఏం చెప్పవచ్చు, బోర్డు మీద ఏం రాస్తాం, అన్నీ అందులో ఉండాలి. అట్టముక్కలతో, చింతగింజలతో టీఎల్‌ఎం తయారుచేసుకోవాలి. పాఠానికి వాడే సామగ్రిని అట్లా అంటారు. ఆ బడిలో మన తరగతి చూసే టీచరే మనకు మెంటర్. ఆమె మన రికార్డు మీద సంతకం పెడితేనే ఫైనల్ లెసన్ చెప్పనిస్తారు. ఆ రోజు బయటి నుంచి పరీక్షకుడు వచ్చి వెనక కూర్చుని చూస్తాడు. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

నాకు ఆ ఇంకో ఏడాది లేదు. మా ఆయన ముందే చెప్పాడు: "ఈ ఒక్క యేడు ఎట్లనన్న నెట్టుకొస్త. వచ్చే యేడు పొలానికి నువ్వు గావాలె. నాతోని ఒక్కనితోని కాదు." ఆయన మాటలో కోపం లేదు. ఉన్నమాట చెప్పాడంతే.

మాది మహమ్మద్‌నగర్ దగ్గరి పల్లె. చిన్నప్పుడు నేను బడికి పోలేదు. ఇరవై ఆరేళ్ల వయసులో, మా అత్తకు జబ్బు చేసి వారంవారం కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఎల్లారెడ్డి బస్టాండులో ప్రతి బస్సు దగ్గరా "ఏడికి పోతది?" అని అడగాలి. ఒకసారి అడగడానికి సిగ్గుపడి, ఆమెను వేరే దిక్కుకు పోయే బాన్సువాడ బస్సెక్కించాను. మా అత్త ఆ సంగతి చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత బస్సు ముందర బోర్డుల మీది అక్షరాలను కళ్లలో పెట్టుకుని వచ్చి, ఇంటి గచ్చు మీద బొగ్గుతో వేసేదాన్ని. రెండో తరగతి చదివే నా బిడ్డ వాటి పేర్లు చెప్పేది. అట్లా చదువొచ్చింది. తర్వాత ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్, ఆపైన డీఎడ్ ఎంట్రెన్స్.

ఆ బడిలో నా మెంటర్ రాజమణి టీచర్. రిటైర్మెంటుకు ఇంకో ఏడాదిన్నర ఉన్న మనిషి. గొంతు పెద్దది, మాట సూటి. మొదటి రోజు బోర్డు మీద నా రాత చూసి మెచ్చుకుంది.

"అబ్బ! పెయింటర్ రాసినట్టే ఉన్నది గదా సాయవ్వా నీ అక్షరం. మా ఒకటో తరగతి పిల్లలకు రాత నువ్వే నేర్పు."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. రెండు వారాలకు ఆమె కంటి ఆపరేషన్ కోసం ఇరవై రోజులు సెలవు పెట్టింది. ఒకటో తరగతి మొత్తం నా చేతికొచ్చింది. కరోనా వల్ల అంగన్‌వాడీ ముఖం కూడా సరిగా చూడని పిల్లలు ముప్పై రెండు మంది. సగం మందికి బలపం పట్టడం రాదు. రోజూ రెండు గంటలు దిద్దించాను. మూడు వారాలు గడిచేసరికి ఆ పలకలు చూస్తే నాకే ముచ్చటేసేది. అచ్చంగా నా అక్షరాలే.

ఒక్క నిఖిత మాత్రం నా దారికి రాలేదు. వాళ్లమ్మ కుట్టుమిషను పని చేస్తుంది. బడులు మూసిన రోజుల్లో ఇంట్లోనే ఆ పిల్లకు పలక పట్టించింది. నిఖిత నా బోర్డు చూడకుండా, తనకు తోచిన చోట మొదలుపెట్టి గబగబా రాసేది. "గట్ల కాదు బిడ్డా, నా చెయ్యి చూడు" అని నేను దాని వేళ్లు గట్టిగా పట్టుకుని తిప్పేదాన్ని. నాలుగు రోజులు అట్లా తిప్పాను. ఐదో రోజు పలక సంచిలోంచి తియ్యలేదు. ఆ తర్వాత బడికి రావడమే మానేసింది. నా రికార్డులో దాని పేరు పక్కన "రాతపై శ్రద్ధ తక్కువ" అని రాశాను.

రాజమణి టీచర్ నల్లద్దాలు పెట్టుకుని తిరిగి వచ్చిన రోజు పలకలన్నీ వరసగా పేర్చి చూపించాను. ఆమె ఒక్కొక్కటే చూసి, "మంచిగనే ఉన్నయి" అంది. తర్వాత పిల్లలతో, "అందరు తుడువుండ్రి. ఇప్పుడు నా ముందట రాయుండ్రి" అని నేల మీద వాళ్ల మధ్యన కూర్చుంది.

అప్పుడు గమనించాను, ఆమె చూపు పలకల మీద లేదు. పిల్లల వేళ్ల మీద ఉంది. కాసేపటికి లేచి, నా చేతికి చాక్‌పీస్ ఇచ్చింది.

"ర రాయి."

రాశాను.

"పక్కకు జరిగి రాయి. నాకు నీ చెయ్యి గనవడాలె."

మళ్లీ రాశాను. ముందు పైన తలకట్టు పెట్టి, దాని కింద సున్నాను వేలాడదీశాను. ఎప్పుడూ అట్లాగే రాస్తాను. అ రాయమంది. చేయి ఎత్తకుండా ఒకే ఒరవడిలో పోవాల్సిన అక్షరాన్ని మూడు ముక్కలుగా వేసి అతికించాను.

"నీకు పలక వట్టిచ్చిందెవరే?" అని అడిగింది.

"ఎవ్వరు లేరు టీచర్. బస్సు బోర్డులు జూసి నేర్చుకున్న."

ఆమె అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ కళ్లకు నీరు కారుతుంటుంది కదా, అందుకే అనుకున్నాను. తర్వాత మెల్లగా అంది: "గందుకే. నువ్వు రాస్తలేవు బిడ్డా. ముగ్గేస్తున్నవ్."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పూర్తయిన అక్షరాన్ని చూసి నేర్చుకున్నదాన్ని నేను. ఒక చెయ్యి దాన్ని రాస్తుండగా ఎన్నడూ గమనించి చూడలేదు. ఎక్కడ మొదలవుతుందో, ఎటు తిరుగుతుందో నాకు చెప్పినవాళ్లు లేరు. కాలేజీలో బోర్డు వర్క్‌కు, అంటే నల్లబల్ల మీది రాతకు, నాకు మంచి మార్కులే వచ్చాయి. అక్కడ అందరూ నా వెనక కూర్చుని చూసేవారు. నా వీపు నా చేతిని కప్పేసేది.

"పలక మీద అక్షరం మంచిగుంటే ఏం నష్టం టీచర్?" అన్నాను. ఇంకా నన్ను నేను కాపాడుకోవాలనే చూస్తున్నాను.

"ఇప్పుడు ఏం నష్టం లేదు. మూడో తరగతిల డిక్టేషన్ చెప్తరు. వీళ్ల చెయ్యి అందుకోదు. తెలివి ఉండి గూడ సగం రాసి ఇడిచిపెడ్తరు. మనం మొద్దులంటం."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఓపెన్ టెన్త్‌లో ప్రతి పరీక్షలోనూ జవాబులు తెలిసి కూడా సగం పేపరు వదిలేసి వచ్చాను. ఇంటర్‌లోనూ అంతే. ముదురు వయసులో చదువు, బుర్ర మెల్లగా పనిచేస్తుందేమో అని ఏళ్ల తరబడి అనుకున్నాను. మెల్లగా పనిచేసింది నా చెయ్యి.

ఫైనల్ లెసన్‌కు పన్నెండు రోజులే ఉన్నాయి. రాజమణి టీచర్ నా ముందు రెండు దారులూ పెట్టింది.

"సంతకం గావాలంటే ఇప్పుడే పెడ్త. వచ్చేటాయన బోర్డు జూస్తడు, మంచిగున్నదంటడు, పోతడు. నీది పాసయితది. లేదంటవా, నీ చెయ్యి, వీళ్ల చేతులు అన్ని మొదటికెళ్లి మొదలువెట్టాలె. పన్నెండు రోజులల్ల నీ చెయ్యి తిరగకపోతే ఆయన ముందట తడవడతవ్. తప్పినా తప్పుతవ్. గది గూడ చెప్తున్న."

నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం బస్సులో సంతకం పెట్టించుకుందామనే నిర్ణయించుకున్నాను. పాసయ్యాక నేర్చుకోవచ్చు, పిల్లలకు రాజమణి టీచరే సరిదిద్దుతుంది అనుకున్నాను.

మరునాడు పొద్దున గేటు దగ్గర నిఖిత వాళ్లమ్మ నిలబడి ఉంది. వెనక కొంగు పట్టుకుని నిఖిత.

"టీచర్, దీనికేమైందో జెర జూడుండ్రి. బడికి పోనని ఒక్కటే ఏడుపు. నాకు రాయొస్తలేదు, నాకు రాయొస్తలేదు అంటది. ఇంట్ల అన్ని అక్షరాలు రాసింది గదా, ఇప్పుడెట్ల రాకుండ పోయింది?"

రాజమణి టీచర్ వరండాలోనే ఉంది. అంతా విన్నది. నా మీదే వదిలేసింది.

"నీ బిడ్డకు మంచిగనే వస్తది అక్కా" అన్నాను. "రానిది నాకు. నేనే దాని చెయ్యి చెడగొట్టిన."

ఆమె తెల్లబోయింది. తర్వాత నవ్వి, "గట్లనా? ఏ టీచరన్న గిట్ల చెప్తదా!" అని పిల్లను లోపలికి తోసి వెళ్లిపోయింది. నేను రికార్డు తీసి నిఖిత పేరు పక్కన రాసిన మాటను కొట్టేశాను.

మధ్యాహ్న భోజనం ప్లేట్లలో ఇసుక పోసి మొదలుపెట్టాం. పలక మీద పిల్లల చెయ్యి పాత దారిలోనే పోతుంది కాబట్టి ఇసుకలో వేలితో రాయించమంది రాజమణి టీచర్. నాకూ ఒక ప్లేటు ఇచ్చి, పిల్లల ముందే నా వెనక కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల బతుకులో రాయించడానికి నా చెయ్యి ఒకరు పట్టుకోవడం అదే మొదటిసారి. మెడ వంచుకుని ఇసుకనే చూస్తూ కూర్చున్నాను.

పిల్లలకు మాత్రం అది జాతరలాగా ఉంది. "టీచర్‌కు రాయొస్తలేదురో!" అని ఒకడు. "నాకొచ్చింది, టీచర్‌కు రాలే!" అని ఇంకొకడు. రాజమణి టీచర్ వాళ్లను ఆపలేదు. "అవు, రాలే. మీరు జూస్తుండుండ్రి, తప్పు వోతే చెప్పుండ్రి" అంది. నిఖిత మూడు రోజులు దూరంగా గోడకానుకుని చూసింది. నాలుగో రోజు నా పక్కకు వచ్చి కూర్చుని, నా చూపుడు వేలు పట్టుకుని ఇసుకలో సున్నా తిప్పింది. "గిట్ల. అయిపోయినంక తలకట్టు." నేను దాని వేళ్లను పట్టినంత గట్టిగా అది నా వేలు పట్టుకోలేదు.

పన్నెండు రోజుల్లో నా చెయ్యి పూర్తిగా తిరగలేదు. ఫైనల్ లెసన్ రోజు బోర్డుకు పక్కగా, పిల్లలకు నా చెయ్యి కనిపించేలా నిలబడి పాఠం చెప్పాను. నా రాత వంకరగా, పెద్దదీ చిన్నదీ అవుతూ వచ్చింది. మధ్యలో గ రాయబోయి కంగారులో తలకట్టు పెట్టేశాను.

"టీచర్, తలకట్టు ముందట పెట్టినవ్!" తరగతి మొత్తం అరిచింది.

తుడిచి మళ్లీ రాశాను. వెనక పరీక్షకుడు ఏదో రాసుకోవడం కనిపించింది. పాఠం అయ్యాక ఆయన నన్ను పిలిచి, "పిల్లలు మీ తప్పు పట్టడం లెసన్ ప్లాన్‌లో ఉందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సార్" అని జరిగిందంతా చెప్పాను. చెప్తుంటే పొలం, మా ఆయన మాట, అన్నీ గుర్తుకొచ్చాయి.

తలుపు దగ్గరి నుంచి రాజమణి టీచర్ అంది: "మార్కులు మీ ఇష్టం సార్. ఆ పిల్లల చేతులు ఒక్కసారి జూసి ఎయ్యుండ్రి."

ఆయన లేచి వరసల మధ్య తిరిగాడు. నిఖిత దగ్గర ఎక్కువసేపు ఆగాడు. బోర్డు వర్క్‌లో మా బ్యాచ్ మొత్తంలో నాకే తక్కువ మార్కులు వచ్చాయి. పాఠం మాత్రం పాసయ్యాను.

ఇప్పుడు నేను మా ఊరికి దగ్గరలోనే ఒకటో తరగతి చెప్తున్నాను. కిందటి ఏడు ఏదో పని మీద ఆ బడికి వెళ్లి, అప్పటి నా పిల్లల్ని చూశాను. ఎక్కువమంది గబగబా రాస్తున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం ఇంకా తలకట్టే ముందు పెడుతున్నారు. వాళ్ల పక్కన కూర్చుని కాసేపు దిద్దించాను కానీ, ఆ పూటతో పోయేది కాదని నాకు తెలుసు. అది నా వల్ల జరిగిన నష్టం. వాళ్ల టీచరుకు చెప్పి వచ్చాను.

ఆ తరగతి నాకు నేర్పింది ఇది: రాసిన అక్షరం చూస్తే పిల్ల ఎక్కడ ఇబ్బంది పడుతోందో తెలియదు, రాస్తున్నప్పుడు చూడాలి. లెక్కలకూ అంతే, చదవడానికీ అంతే. ఒక పిల్ల నా దారికి రాకపోతే, నా దారే సరైనదా అని ముందు చూసుకోవాలి. ఈ మాట ఏ పుస్తకంలోనైనా ఉండే ఉంటుంది. నాకు మాత్రం నా మణికట్టు పట్టుకుని చెప్తేగానీ ఎక్కలేదు. ఆ సంతకం నేను అప్పుడే పెట్టించుకుని ఉంటే, నేను టీచర్ అయ్యేదాన్నేమో గానీ, ఏటేటా ఒక తరగతిని పాడుచేస్తూ ఉండేదాన్ని.

ఉద్యోగం వచ్చిన రోజు రాజమణి టీచర్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె రిటైర్ అయ్యింది. సంతోషించింది, మా ఆయన గురించి, పొలం గురించి అడిగింది.

"మీ ఒకటో తరగతిల ఎంతమంది?"

"పద్దెనిమిది మంది టీచర్."

"అయితే బోర్డు కాడ నిలవడకు" అంది. "కింద కూసో. కూసుంటే పద్దెనిమిది చేతులు గనవడ్తయి."

అప్పటి నుంచి కిందనే కూర్చుంటున్నాను.